గ్లాకోమా ఆపరేషన్ శుక్లం ఆపరేషన్ కాదు: అపోహలు, వాస్తవాలు

శుక్లం ఆపరేషన్ మనవాళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, కంటికి ఏ ఆపరేషన్ చేసినా మర్నాడు కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండరు కనబడాలి, నెల తిరిగాక ఆసుపత్రి ఛాయలకు వెళ్లనక్కర్లేదు అనుకుంటారు. గ్లాకోమా (నీటికాసులు) అంటే సాధారణంగా కంటి లోపలి ప్రెషర్ పెరిగి, చూపును మెదడుకు చేరవేసే ఆప్టిక్ నాడి దెబ్బతినే జబ్బు. దాని ఆపరేషన్ తర్వాత నా దగ్గరికి వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ లెక్కే.

అపోహ: ఆపరేషన్ అయిపోయింది. ఇక చుక్కలూ వద్దు, రావడమూ వద్దు.

వాస్తవం: ట్రాబెక్యులెక్టమీ అనే గ్లాకోమా ఆపరేషన్‌లో, ప్రెషర్ తగ్గేలా కంటిలోని నీరు బయటికి రావడానికి ఒక చిన్న దారి చేస్తాం. ఆ నీరు పైరెప్ప మాటున, పలుచని పొర కింద చేరి బ్లెబ్ అనే చిన్న బుడగ ఏర్పడుతుంది. శుక్లం ఆపరేషన్‌లో గాయం ఎంత త్వరగా మానితే అంత మంచిది. ఇక్కడ పూర్తిగా మానిందంటే ఆపరేషన్ వృథా అయినట్టే. చెవి కుట్టించి పుల్ల పెట్టకపోతే రంధ్రం పూడిపోదూ, అలాగే. మచ్చకట్టకుండా ఆపరేషన్‌లోనే మైటోమైసిన్ అనే మందు వాడతాం, ఆ తర్వాత వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేయమంటాం. ప్రెషర్ పెరుగుతుంటే లేజర్‌తో కుట్టు తెంచడం, బ్లెబ్ పక్కన ఇంజెక్షన్ ఇవ్వడం మొదటి వారాల్లోనే జరగాలి. మచ్చ గట్టిపడ్డాక వస్తే మిగిలేది మళ్లీ చుక్కలు, లేదా మళ్లీ ఆపరేషన్.

వయసు తక్కువవాళ్లకు, ఆ కంటికి ఇదివరకే ఆపరేషన్ అయినవాళ్లకు, ఏళ్ల తరబడి చుక్కలు వాడినవాళ్లకు, యువైటిస్ (కంటి లోపలి పొర వాపు) ఉన్నవాళ్లకు, షుగర్ వల్ల కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టినవాళ్లకు ఈ మచ్చ తొందరగా కడుతుంది. సరిగ్గా వీళ్లలోనే ఎవరో ఒకరు ‘స్టెరాయిడ్ అంటే కిడ్నీలు పోతాయట’ అని ఫోనులో వచ్చిన సందేశం చదివి చుక్కలు మానేస్తారు. కంట్లో వేసే చుక్కకు కిడ్నీలు పోవు. అలాగని చెప్పిన గడువు దాటి సొంతంగా కొనసాగించకండి, అవే చుక్కలు కొందరిలో ప్రెషర్ పెంచుతాయి.

మిర్యాలగూడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఆపరేషన్ అయి నాలుగేళ్లు, ప్రెషర్ చక్కగా ఉంది, అందుకని రావడం మానేశారు. ఒకరోజు కన్ను ఎర్రబడింది. ఊళ్లో కళ్లకలకలు నడుస్తున్నాయి కాబట్టి అదే అనుకుని మందుల దుకాణంలో చుక్కలు తెచ్చుకున్నారు. మూడో రోజున నా దగ్గరికి వచ్చేసరికి చీము కంటి లోపలికి దిగిపోయింది. కన్ను నిలిచింది గానీ, చూపు చెయ్యి ఆడిస్తే తెలిసేంత మాత్రమే మిగిలింది. ‘ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది కదండీ, ఇప్పుడెందుకు వచ్చింది?’ అని ఆయన భార్య పదేపదే అడిగారు. ఆమె అడగడంలో తప్పేమీ లేదు, ఆ సంగతి వాళ్ల మనసుకు పట్టేలా ఎవరూ చెప్పినట్టు లేరు. బ్లెబ్ ఉన్నంతకాలం ఈ ప్రమాదం ఉంటుంది. అది పలుచబడి తెల్లగా మారినా, నీరు కారుతున్నా, రెప్పల అంచులు తరచూ వాచినా మరీ ఎక్కువ. ఎరుపు, నొప్పి, పుసి, మసక, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రావాలి, ఆదివారమైనా సరే. ఆపరేషన్ అయిన సంగతి ముందుగా చెప్పండి.

అపోహ: చూపు పెరగలేదు, అంటే పాడుచేశారు.

వాస్తవం: చచ్చిపోయిన ఆప్టిక్ నాడి తిరిగి రాదు, ఉన్నది నిలపడానికే ఈ ఆపరేషన్. మొదటి వారాల్లో మసక మామూలే. తర్వాత శుక్లం తొందరగా ముదరవచ్చు, దాన్ని తీసేయవచ్చు. కానీ చివరి దశలో ఉన్న కొద్దిమందికి మిగిలిన చూపు కూడా పోయే అవకాశం అరుదుగా ఉంటుంది. ఆ భయం సహజమే, సంతకం పెట్టే ముందే డాక్టరును అడగండి.

అపోహ: ప్రెషర్ ఎంత తగ్గితే అంత మేలు.

వాస్తవం: మరీ పడిపోతే రెటీనాలో ముడతలు పడి చూపు వంకరపోతుంది. మైనస్ పవర్ ఎక్కువున్న యువకులకు ఈ ముప్పు ఎక్కువ.

అపోహ: దీనికి బదులు, నీరు బయటికి పోయేలా కంట్లో సన్నని ట్యూబ్ పెట్టించుకుంటే ఏ బాధా ఉండదు.

వాస్తవం: ఇదివరకే ఆపరేషన్ అయిన కళ్లలో ట్యూబ్‌నూ ట్రాబెక్యులెక్టమీనీ పోల్చిన అమెరికా అధ్యయనం 5 ఏళ్ల ఫలితాలు 2012లో వచ్చాయి. విఫలమైనవి ట్యూబ్‌తో దాదాపు 30 శాతం, ట్రాబెక్యులెక్టమీతో 47 శాతం. తేడా ఉంది, నిజమే. అయితే ట్యూబ్ కార్నియాకు తగిలి దాన్ని దెబ్బతీయవచ్చు, పైపొరను కోసుకుని బయటపడనూవచ్చు.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని నెల రోజులు చారన్నంతో గడిపేవాళ్లున్నారు. చీముకూ పప్పుకూ ఏ సంబంధమూ లేదు. కూరలు మానేసి మలబద్ధకం తెచ్చుకుని ముక్కడంతోనే అసలు ఇబ్బంది. ప్రెషర్ బాగా తగ్గిన కంట్లో, ముఖ్యంగా పెద్ద వయసు, బీపీ ఉన్నవాళ్లలో, ముక్కినా గట్టిగా దగ్గినా లోపల రక్తస్రావం కావచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. దగ్గు ఎక్కువగా ఉంటే ముందే ఫోను చేయండి, ఆపరేషన్ తేదీ మార్చుకుందాం.