అమెరికా నల్లజాతి న్యాయ పట్టభద్రుల వారసత్వం: కొన్ని అపోహలు, వాస్తవాలు

రాజ్యాంగ న్యాయం బోధించే వృత్తిలో ఉన్నందున, అమెరికా పౌరహక్కుల తీర్పుల గురించి విద్యార్థులూ జూనియర్ న్యాయవాదులూ చెప్పే మాటలు తరచుగా వింటుంటాను. ప్రభుత్వ బడులలో నల్లజాతి పిల్లలను వేరుగా ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చిన బ్రౌన్ కేసు పేరు వారందరికీ తెలుసు. దానిని గెలిపించిన న్యాయవాదులు ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర తయారయ్యారు అన్న దగ్గరే పొరపాట్లు దొర్లుతున్నాయి.

అపోహ: 1954 నాటి బ్రౌన్ తీర్పు ఆ కేసు వాదించిన న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ ఒక్కడి ప్రతిభకు ఫలితం.

వాస్తవం: మార్షల్ ప్రతిభను శంకించవలసిన పని లేదు. 1933లో వాషింగ్టన్‌లోని నల్లజాతివారి విద్యకు పేరున్న హోవర్డ్ విశ్వవిద్యాలయ లా స్కూల్ నుంచి ఆయన ప్రథముడిగా ఉత్తీర్ణుడయ్యారు. అదే తరగతిలో ద్వితీయ స్థానం పొందిన ఆలివర్ హిల్, అదే కళాశాలలో 1939లో పట్టా పుచ్చుకున్న స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ కలిసి నడిపిన వర్జీనియా వ్యాజ్యం, బ్రౌన్ పేరిట సుప్రీంకోర్టు ఒకటిగా విన్న కేసులలో ఒకటి. మార్షల్, హిల్‌ల వెనుక ఉన్న గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్. హార్వర్డ్ లా స్కూల్ విద్యార్థులు నడిపే న్యాయ పత్రిక హార్వర్డ్ లా రివ్యూ సంపాదకవర్గంలో చోటు పొందిన తొలి నల్లజాతీయుడాయన. 1929లో హోవర్డ్‌లో వైస్ డీన్ బాధ్యత చేపట్టి, సాయంత్రపు తరగతులను ఎత్తివేసి, రెండేళ్లు తిరగకముందే కళాశాలకు పూర్తి గుర్తింపు తెచ్చారు. పగలు ఉద్యోగం చేసుకుంటూ చదివే పేద విద్యార్థులకు దీనివల్ల దారి మూసుకుపోయిందన్న విమర్శ న్యాయమైనదే. అయితే పౌరహక్కుల వ్యాజ్యాన్ని ఒక ప్రత్యేక విద్యగా నేర్పగల కళాశాల ఆ కఠినత్వం లేకుండా తయారయ్యేది కాదని నా అభిప్రాయం. హ్యూస్టన్ 1950లో మరణించారు. బ్రౌన్ తీర్పును ఆయన చూడలేదు.

అపోహ: నల్లవారిని, తెల్లవారిని వేరుచేసే విధానం మీద పోరాటం చిన్నపిల్లల బడులతో మొదలైంది.

వాస్తవం: అది ప్రధానంగా లా కాలేజీలతో మొదలైంది, అదీ ఆలోచించి వేసిన ఎత్తుగడే. "వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు" అన్న 1896 నాటి సుప్రీంకోర్టు ప్లెసీ తీర్పు సూత్రాన్ని నేరుగా ఢీకొనకుండా, ఆ సమానత్వాన్ని నిజంగానే చూపించమని రాష్ట్రాలను నిలదీయడం హ్యూస్టన్ పద్ధతి. ఒకరిద్దరు నల్లజాతి విద్యార్థుల కోసం మరో లా కాలేజీ కట్టడం రాష్ట్రానికి తలకు మించిన భారం. పైగా మంచి లా కాలేజీ ఎలా ఉంటుందో న్యాయమూర్తులకు ఎవరూ చెప్పనక్కరలేదు. హ్యూస్టన్, మార్షల్ కలిసి వాదించిన మేరీలాండ్ కేసులో డొనాల్డ్ మర్రీకి రాష్ట్ర విశ్వవిద్యాలయం ప్రవేశం ఇవ్వవలసిందేనని 1936లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకువెళ్లిందో చూడాలంటే 1950 నాటి స్వెట్ తీర్పు చదవాలి. పోస్ట్‌మన్‌గా పనిచేస్తున్న హీమన్ స్వెట్ టెక్సాస్ విశ్వవిద్యాలయ లా స్కూల్‌కు దరఖాస్తు చేస్తే, ఆయనను చేర్చుకోకుండా ఉండేందుకు రాష్ట్రం నల్లవారికని హడావుడిగా మరో కళాశాల తెరిచింది. సుప్రీంకోర్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకచోట 850 మంది విద్యార్థులు, 16 మంది పూర్తికాల ఆచార్యులు, 65,000 పుస్తకాలు. మరోచోట 23 మంది విద్యార్థులు, 5 మంది ఆచార్యులు, సుమారు 16,500 పుస్తకాలు, టెక్సాస్ బార్‌లో సభ్యుడైన (అంటే రాష్ట్ర న్యాయవాదుల సంఘంలో) ఒకే ఒక్క పూర్వ విద్యార్థి. లెక్కలతో కోర్టు ఆగలేదు. అధ్యాపకుల పేరు ప్రతిష్ఠలు, పూర్వ విద్యార్థుల హోదా, పలుకుబడి వంటివి కొలతకు అందకపోయినా లా స్కూల్ గొప్పతనంలో భాగమేనని చెప్పింది. రేపు ఈ విద్యార్థి ఎదుర్కోబోయే న్యాయవాదులు, సాక్షులు, జ్యూరీ సభ్యులు, న్యాయమూర్తులలో అత్యధికులు ఏ వర్గం నుంచి వస్తారో, రాష్ట్ర జనాభాలో 85 శాతమైన ఆ వర్గాన్నే దూరం పెట్టిన కళాశాలలో ఆ వృత్తి నేర్వడం ఎలా సాధ్యమని ప్రశ్నించింది. ప్లెసీ సూత్రాన్ని రద్దు చేయకుండానే దాని కింద నేలను తవ్వేసిన తీర్పు ఇది. మన లా కాలేజీలలో బ్రౌన్ చెప్పినంత శ్రద్ధగా స్వెట్ చెప్పకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

అపోహ: ఈ చరిత్రలో మహిళల పాత్ర తరువాతి కాలానిది.

వాస్తవం: అమెరికాలో తొలి నల్లజాతి మహిళా న్యాయవాది షార్లెట్ రే 1872లోనే హోవర్డ్ నుంచి పట్టా పొందారు. క్లయింట్లు రాక ప్రాక్టీసు నిలవలేదు. చివరకు బ్రూక్లిన్‌లో బడిపంతులమ్మగా పనిచేశారు.

పాలీ మర్రీ కథ వేరు. హోవర్డ్‌లో తన తరగతిలో ఏకైక మహిళ అయిన ఆమె 1944లో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలయ్యారు. ఇక అసమానతలు నిరూపించడం మాని ప్లెసీ మీదే నేరుగా దాడి చేయాలని ఆమె చివరి ఏడాదిలో వాదిస్తే తోటివారు నవ్వారు. అది పాతికేళ్లలో కూలుతుందని ఆచార్యుడు రాబిన్సన్‌తో పది డాలర్ల పందెం కాశారు, పదేళ్లకే కూలింది. ఆమె రాసిన వ్యాసాన్ని బ్రౌన్ కేసు తయారీలో రాబిన్సన్ వాడుకున్నారన్న సంగతి ఆమెకు చాలా ఏళ్ల తరువాత గానీ తెలియలేదు. పై చదువుకు వెళ్లబోతే, స్త్రీ అన్న కారణంతో హార్వర్డ్ ఆమెను తిరస్కరించింది.

అపోహ: హార్వర్డ్ లా రివ్యూలో తొలి నల్లజాతీయుడు ఒబామా, కమలా హారిస్ హోవర్డ్‌లో న్యాయవిద్య చదివారు.

వాస్తవం: ఒబామా 1990లో ఆ పత్రికకు తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యారు, సంపాదకవర్గంలో హ్యూస్టన్ అంతకు చాలా ముందే ఉన్నారు. కమలా హారిస్ హోవర్డ్‌లో చదివింది డిగ్రీ మాత్రమే, లా పట్టా కాలిఫోర్నియాలోని హేస్టింగ్స్ నుంచి.

అపోహ: కేసు గెలిచినవారంతా కోరుకున్న పట్టా పొందారు.

వాస్తవం: డొనాల్డ్ మర్రీ 1938లో పట్టా పొంది బాల్టిమోర్‌లో ప్రాక్టీసు చేశారు. 1938లోనే లా కాలేజీ ప్రవేశం కోసం సుప్రీంకోర్టులో మిస్సోరీ రాష్ట్రంపై గెలిచిన లాయిడ్ గెయిన్స్ మరుసటి ఏడాది షికాగోలో కనిపించకుండా పోయారు. మిస్సోరీ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ పట్టా ఇచ్చింది 2006లో. స్వెట్ చేరినా 1952లో చదువు మానేశారు. ఆయనను బయట ఉంచడానికి టెక్సాస్ పెట్టిన కళాశాల మాత్రం మూతపడలేదు. ఇప్పుడది హ్యూస్టన్ నగరంలో థర్‌గుడ్ మార్షల్ పేరుతో నడుస్తూ, ఒకప్పుడు ఒక్క పూర్వ విద్యార్థిని మాత్రమే చూపగలిగిన చోటు నుంచి ఏటా న్యాయవాదులను తయారుచేస్తోంది.