రైఫిల్ మీద నేరం మోపే ముందు

విజయనగరం,
ఆదివారం ఉదయం

అమ్మడూ, నానీ,

మీరు ఫైరింగ్‌లో కొట్టి పంపిన టార్గెట్ ఫోటో చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అయిదు రౌండ్లలో మూడు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, రెండు మాత్రం చెప్పాపెట్టకుండా దూరంగా పోయి పడ్డాయి. "ఈ రైఫిలే మంచిది కాదు తాతయ్యా, పొద్దున బాగానే కొట్టింది, మధ్యాహ్నానికి మాట వినడం మానేసింది" అని రాశావు అమ్మడూ. అయ్యుండొచ్చు. రైఫిళ్ళకీ జబ్బులొస్తాయి. కానీ ఒంట్లో బాగాలేదన్న ప్రతివాణ్ణీ ఆపరేషన్ బల్ల ఎక్కించం కదా.

మొదట ఒకటి తేల్చుకోండి. అయిదు రౌండ్లూ టార్గెట్‌లో ఏ మూలో ఒకేచోట గుంపుగా పడితే ఆ రైఫిల్‌కి ఏ రోగమూ లేదు. గురి చూసే సైటు సర్దుకుంటే ఆ గుంపు మధ్యలోకి వస్తుంది. అయిదూ అయిదు దిక్కులకు పోతే మాత్రం సైటు జోలికి పోవద్దు. రౌండు రౌండుకీ సైటు తిప్పేవాళ్ళని చాలామందిని చూశాను. ఎడమకు పడిందని కుడికి తిప్పుతారు, తర్వాతిది కుడికి పోయిందని మళ్ళీ ఎడమకు. సాయంత్రానికి జబ్బు ఏదో, మందు ఏదో తెలియకుండా పోతుంది.

గుంపు ఆకారం చూడండి. నిలువుగా గీత గీసినట్టు పడితే ముందు మీ ఊపిరిని అనుమానించాలి. ఒకసారి సగం ఊపిరి దగ్గర, ఇంకోసారి పూర్తిగా వదిలాక ట్రిగ్గర్ నొక్కితే ఛాతీతో పాటు రైఫిలూ ఎత్తు మారుతుంది. అడ్డంగా పరుచుకుంటే మోచెయ్యి రైఫిల్ కిందకి సరిగ్గా రాలేదేమో, రైఫిల్ ఒక పక్కకు ఒరుగుతోందేమో చూడాలి. దీనికి నా దగ్గరో చిన్న పరీక్ష ఉంది. శిస్తు తీసుకుని, అంటే గురి చూసి, కళ్ళు మూసుకో. రెండు ఊపిర్లు పీల్చి వదిలి కళ్ళు తెరువు. సైటు పక్కకు జరిగి ఉంటే, అప్పటిదాకా నువ్వు కండబలంతో రైఫిల్‌ని అక్కడ నిలబెట్టావన్నమాట. చేతులతో లాగకు, నడుము దగ్గర్నుంచి ఒళ్ళంతా జరుపు.

లెక్క ఒకటి చెబుతాను, నానీకి లెక్కలిష్టం కాబట్టి. వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య అర మీటరు ఉందనుకో. మీరు కొట్టే 25 గజాలంటే దాదాపు 23 మీటర్లు, అంటే ఆ అర మీటరుకి 46 రెట్లు. వెనక సైటు నడుమ ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు ఉంటే టార్గెట్ మీద 46 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అమ్మడూ, నీ రెండు రౌండ్లు తప్పిపోవడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. చెంప బట్ మీద, అంటే భుజానికి ఆనించే చెక్క మీద, ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ ఆనినా చాలు.

మధ్యాహ్నం అన్నావు కదా, ఎండ సంగతి కూడా చూడాలి. పక్కనుంచి ఎండ పడితే ముందు సైటులో ఒక వైపే మెరుస్తుంది. కన్ను ఆ మెరిసే అంచునే సైటు అనుకుని దాన్నే మధ్యలో పెడుతుంది. దాంతో రౌండ్లు సూర్యుడికి ఎదురు పక్కకు జరుగుతాయి. పొద్దుటి గుంపూ మధ్యాహ్నం గుంపూ విడివిడిగా ఎక్కడ పడ్డాయో రాసిపెట్టుకుని ఉంటే ఇది ఇట్టే తెలిసేది.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే అదే రైఫిల్, అవే తూటాలు, చెయ్యి తిరిగిన మరొకరికి ఇప్పించండి. వాళ్ళకీ చెదిరితే అప్పుడు రైఫిల్ సంగతి చూద్దాం.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. నేను ట్రైనింగ్ ఇచ్చిన ఒకచోట ఒక .22 రైఫిల్ ఉండేది. పిల్లలు దాన్ని గుడ్డిది అనేవాళ్ళు. ఎవరికిచ్చినా రెండు గుంపులు కొట్టేది, ఒకటి పైన, ఒకటి నాలుగు వేళ్ళ కింద. మామూలుగా చెదరడం వేరు, రెండు శుభ్రమైన గుంపులు పడటం వేరు. రెండు గుంపులంటే ఏదో వస్తువు రెండు చోట్లకి కదులుతోందన్నమాట. అది అప్పుడు నాకు తట్టలేదు. ట్రిగ్గర్ లాగేస్తున్నావని ఒక కుర్రాణ్ణి రెండు రోజులు తిట్టాను.

మూడో రోజు కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, కూర్చుని బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తీసేశాను. బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య కీలు మీద వేలు పెట్టి, అడుగున ఉన్న ముందు స్క్రూ మెల్లగా వదులు చేశాను. నా వేలి కిందే బ్యారెల్ పైకి లేచింది. వర్షాకాలం తేమకి చెక్క ఉబ్బింది. ఎవరో స్క్రూని బలంగా బిగించేసరికి ఇనుము చెక్కమీద సమంగా కూర్చోక వంగి ఉంది. పేలిన ప్రతిసారీ ఆ వంపు రెండు రకాలుగా సర్దుకుంటోంది. చెక్క ఆరాక, ఆనే చోటు చదును చేయించి, రెండు స్క్రూలూ ఒకే బిగువుకి తెచ్చాం. గుడ్డిదానికి చూపొచ్చింది. ఆ కుర్రాడికి మాత్రం నేను క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడెక్కడున్నాడో.

మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. స్క్రూ వదులుగా అనిపించినా, ముందు సైటు వేలితో కదిలినా, బోల్ట్ మూసినప్పుడు దాని పిడి చెక్కకి రాసుకుంటున్నా మీకు నేర్పే ఉస్తాద్‌కి చెప్పండి. బ్యారెల్ చెక్కకి తగలకూడదని ఎక్కడో చదివి కాగితం దూర్చి చూస్తారేమో, అది కూడా అన్ని రైఫిళ్ళకీ వర్తించదు. మా కాలపు త్రీనాట్‌త్రీ (.303) రైఫిళ్ళలో, కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో చేసినవాటిలో, మూతి దగ్గర, అంటే గుండు బయటికొచ్చే చివర, స్ప్రింగు పెట్టి బ్యారెల్‌ని పైకి నొక్కి ఉంచేవాళ్ళు. కావాలని పెట్టిన ఆ ఒత్తిడిని తప్పనుకుని చెక్క గీకేస్తే మంచి రైఫిల్ పాడవుతుంది.

బ్యారెల్ లోపలి సంగతి. నూనె రాసి దాచిన రైఫిల్‌ని తుడవకుండా పేలిస్తే మొదటి రౌండు ఎటో పోవడం మామూలే. అందుకే ముందు పుల్‌త్రూ అనే తాడుకి పొడి చిందీ, అంటే గుడ్డపేలిక, కట్టి బ్యారెల్ లోంచి లాగుతాం. లాగేది ఎప్పుడూ తూటా పెట్టే ఛాంబర్ వైపునుంచి మూతి వైపుకే, అది కూడా నిటారుగా. తాడు మూతి అంచుకి ఒరుసుకుంటూ ఉంటే ఏళ్ళు గడిచేసరికి ఆ అంచు అరుగుతుంది. గుండు బ్యారెల్‌ని వదిలే ఆఖరి క్షణంలో వెనకున్న గ్యాసు చుట్టూ ఒకేసారి బయటికి రావాలి. అంచు ఒక పక్క అరిగితే ఆ పక్కనుంచి ముందు తన్నుకొచ్చి గుండుని వంకర తోస్తుంది. .22 గుండు మీద మైనం పూత ఉంటుంది, అది ఛాంబర్ చివర పేరుకుని గట్టిపడుతుంది. తూటా లోపలికి పోవడానికి బరువుగా ఉంటే మొదట చూడాల్సింది అక్కడే.

తూటాల మీద నేరం మోపడం అందరికీ ఇష్టం, ఎందుకంటే అవి తిరిగి మాట్లాడవు. .22 తూటాలో మందుని రాజేసే పూత అడుగున అంచు చుట్టూ ఉంటుంది, అది అన్నిట్లోనూ సమంగా పరుచుకోదు. అందుకని తూటా తూటాకీ వేగంలో కాస్త తేడా ఉండనే ఉంటుంది. సెకనుకి 320 మీటర్ల వేగంతో పోయే గుండు 10 మీటర్లు మందగిస్తే 50 మీటర్ల దూరంలో ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చింది ఆ 50 మీటర్ల పోటీలోనే. అక్కడ పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే, కాబట్టి ఆ తేడా ప్రాణం తీస్తుంది. ఆ స్థాయివాళ్ళు రైఫిల్‌ని బిగించి పెట్టి, ఏ లాట్ (ఒకే విడతలో చేసిన) తూటాలు దానికి పడతాయో పరీక్షించి మరీ కొంటారు. మీ 25 గజాల దగ్గర అదే తేడా రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. నీ రెండు రౌండ్లు ఎంత దూరం పోయాయో స్కేలు పెట్టి కొలిచి చెప్పు, అది తూటా తప్పో కాదో నేను చెబుతాను.

ఒక్క సందర్భంలో మాత్రం తూటాకి భయపడాలి. చప్పుడు టప్‌మని నీరసంగా వస్తే, టార్గెట్ మీద చిల్లు లేకపోతే ఆగిపోండి. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు. మూతి టార్గెట్ వైపే ఉంచి చెయ్యి ఎత్తండి.

వచ్చే ఆదివారం మళ్ళీ ఫైరింగ్ ఉందన్నారుగా. ఈసారి ఒక్కటే మార్చండి, రెండు మార్చారో ఏది పనిచేసిందో తెలియదు. అదే రైఫిల్ తీసుకుని ముందు నానీ అయిదు, తర్వాత అమ్మడు అయిదు కొట్టండి, విడివిడి కాగితాల మీద. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో సైటు ఎక్కడుందని అనిపించిందో పక్కవాళ్ళకి వెంటనే చెప్పి రాయించండి. చిల్లుల పక్కన ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు వెయ్యండి. ఫోటో వద్దు, కాగితాలే పోస్టులో పంపండి. ఫోన్‌లో చూసి చూసి నా కళ్ళు లాగుతున్నాయి, పైగా మీ నాయనమ్మకి కూడా చూపించాలి.

మీ
తాతయ్య