రోల్ ఫార్మింగ్ యంత్రం: వేగమా, వెసులుబాటా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో రేకును వరుస రోలర్ల మధ్య నడిపి, కొంచెం కొంచెంగా వంచి షీటుగా మలిచే రోల్ ఫార్మింగ్ యంత్రాలకు రోలర్లు డిజైన్ చేయడం, యంత్రాన్ని కొనుగోలుదారు షెడ్డులో నిలబెట్టి మొదటి షీటు సరిగ్గా వచ్చేదాకా సెట్టింగ్ చేయడం నా వృత్తి. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రూఫింగ్ షీట్ల వ్యాపారం మొదలుపెట్టాలని వచ్చేవారు మాట కలవగానే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, హై స్పీడ్ మిషన్ తీసుకుందామా, ఫ్లెక్సిబుల్ తీసుకుందామా?" దానికి జవాబు యంత్రం తయారీదారు ఇచ్చే బ్రోచర్‌లో దొరకదు, అడిగినవారి ఆర్డర్ పుస్తకంలోనే దొరుకుతుంది. అందుకే గడిచిన మూడు నెలల ఆర్డర్లను ప్రొఫైల్ (షీటు వంపుల ఆకారం), మందం, పొడవులవారీగా రాసుకొని రమ్మని ముందుగా కోరతాను. అలా రాసుకొని వచ్చినవారితో సంభాషణ పూర్తిగా వేరుగా సాగుతుంది.

అపోహ: నిమిషానికి 60 మీటర్ల యంత్రం గంటకు 3600 మీటర్ల షీటు ఇస్తుంది.

వాస్తవం: బ్రోచర్‌లో రాసేది రోలర్ల మధ్య రేకు నడిచే వేగం మాత్రమే. కటింగ్ కోసం లైన్ ఆగే యంత్రమైతే ఆ ఆగే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 3 మీటర్ల షీట్లు చేస్తున్నామని, ప్రతి కోతకు 2 సెకన్లు పోతున్నాయని అనుకుందాం. 30 మీటర్ల వేగంతో ఒక్కో షీటుకు 6 సెకన్ల నడక, 2 సెకన్ల కోత కలిపి 8 సెకన్లు పడుతుంది కనుక నిమిషానికి నికరంగా 22.5 మీటర్లు వస్తాయి. వేగాన్ని 60కి పెంచితే షీటుకు 5 సెకన్లు, అంటే నిమిషానికి 36 మీటర్లు. వేగం రెట్టింపయినా పని 1.6 రెట్లే పెరిగింది. ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి పట్టే సమయాన్ని ఇందులో కలపనే లేదు. 12 మీటర్ల షీట్లయితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. రేకుతో పాటు కదులుతూ కోసే ఫ్లయింగ్ షియర్ ఉంటే లైన్ ఆగాల్సిన అవసరమే లేదు గాని, అప్పుడు 60 మీటర్ల వేగంలో 3 మీటర్ల షీట్లు నిమిషానికి 20 బయటికి వస్తాయి. షీట్లు వచ్చి చేరే రన్ అవుట్ టేబుల్ దగ్గర నిలబడిన ఇద్దరు మనుషులు పెయింటు గీసుకోకుండా వాటిని ఎత్తి పేర్చలేరు కాబట్టి షీట్లను పేర్చే స్టాకర్‌కు కూడా డబ్బు కేటాయించుకోవాలి.

కాయిల్ (చుట్టగా వచ్చే రేకు) లెక్క కూడా ఉంది. 0.5 మిల్లీమీటర్ల మందం, 1220 మిల్లీమీటర్ల వెడల్పు గల ఉక్కు రేకు మీటరుకు దాదాపు 4.8 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 5 టన్నుల కాయిల్‌లో సుమారు 1040 మీటర్ల రేకు ఉంటుంది. అది 15 మీటర్ల వేగంతో 70 నిమిషాలు నడిస్తే, 60 మీటర్ల వేగంతో 17 నిమిషాల్లోనే అయిపోతుంది. తర్వాతి కాయిల్ ఎక్కించడానికి క్రేన్ కోసం అరగంట ఎదురుచూసే షెడ్డులో ఈ వేగం కాయిల్‌ను త్వరగా ఖాళీ చేయడానికే తప్ప ఉత్పత్తి పెంచడానికి ఉపయోగపడదు. కాయిల్‌ను మోసి విప్పే డీకాయిలర్‌ను రెండు తలలది పెట్టుకుంటే, ఒక కాయిల్ నడుస్తుండగానే రెండోది సిద్ధం చేసుకోవచ్చు.

అన్నింటికంటే పెద్ద నష్టం ప్రొఫైల్ మార్పుతో వస్తుంది. 8 గంటల షిఫ్టులో 480 నిమిషాలు ఉంటాయి. ఇతర ఆటంకాలకు 60 నిమిషాలు తీసేద్దాం. 40 మీటర్ల వేగం ఉండి ఒక్కో మార్పుకు రెండు గంటలు తీసుకునే యంత్రాన్ని, 20 మీటర్ల వేగంతో నడుస్తూ 15 నిమిషాల్లో మారిపోయే యంత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మార్పే లేని రోజున మొదటిది 16,800 మీటర్లు, రెండోది 8,400 మీటర్లు ఇస్తాయి. ఒక మార్పు ఉంటే ఆ అంకెలు 12,000, 8,100 అవుతాయి. రెండు మార్పులకు వచ్చేసరికి వేగమైన యంత్రం 7,200 దగ్గర ఆగిపోతే, నెమ్మదైనది 7,800కు చేరుతుంది. మీ షెడ్డు అంకెలు వేరుగా ఉండవచ్చు గాని, ఈ గీత ఎక్కడ దాటుతుందో కాగితం మీద తేల్చుకోకుండా అడ్వాన్స్ ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను.

అపోహ: ఫ్లెక్సిబుల్ యంత్రం కొంటే ఏ ప్రొఫైల్ అయినా చేసుకోవచ్చు.

వాస్తవం: ఈ ఒక్క మాట వెనుక కనీసం నాలుగు రకాల యంత్రాలు ఉన్నాయి. సీ, జెడ్ ఆకారపు పర్లిన్ల (కప్పు షీట్లను మోసే ఉక్కు కమ్మీల) యంత్రంలో స్టాండులు (రోలర్లను పట్టి ఉంచే చట్రాలు) మోటార్లతో పక్కకు జరిగి, వెబ్ (నడుమ భాగం) వెడల్పు, ఫ్లాంజ్ (పక్క రెక్క) ఎత్తు మారతాయి. రోలర్లను విప్పే పని ఉండదు. క్యాసెట్ పద్ధతిలో ఒక ప్రొఫైల్‌కు చెందిన స్టాండులన్నీ ఒకే బేస్ మీద ఉంటాయి, క్రేన్‌తో ఆ బేస్‌నే మారుస్తారు. డబుల్ డెక్‌లో పైన ఒక ప్రొఫైల్, కింద ఒక ప్రొఫైల్ ఉంటాయి, కాని ఒకసారికి ఒకటే నడుస్తుంది. నాలుగోది, రేకు నడుస్తుండగానే స్టాండులు కదిలి, పొడవునా వెడల్పు మారే భాగాలను తయారుచేసే యంత్రం. మామూలు రూఫింగ్ వ్యాపారికి దానితో అవసరం రాదు.

ట్రాపిజాయిడల్ రూఫింగ్ షీటులో రిబ్బు (పైకి లేచిన గట్టు) ఎత్తు, రిబ్బుల మధ్య దూరం, కోణం మొత్తం రోలర్లలోనే చెక్కి ఉంటాయి. అందులో ఏది మారినా రోలర్ల సెట్టు మారక తప్పదు. ఆ సెట్టుకు అయ్యే ఖర్చును, ప్రతి క్యాసెట్‌ను దించి పెట్టడానికి కావలసిన నేల స్థలాన్ని కొటేషన్‌లో విడిగా చూపించమని అడగండి. పీణ్యలో అద్దె షెడ్డు తీసుకున్నవారు ముందుగా లెక్క వేయనిది ఈ స్థలాన్నే.

మందం, రేకు బలం విషయంలోనూ హద్దులు ఉన్నాయి. 550 ఎంపీఏ (మెగాపాస్కల్) యీల్డ్ స్ట్రెంగ్త్ ఉన్న గట్టి రేకు వంచి వదిలాక ఎక్కువగా వెనక్కి తెరుచుకుంటుంది. మెత్తని రేకు అంతగా తెరుచుకోదు. మొదటిదానికి సరిపడేలా ఎక్కువ వంచే రోలర్లలో రెండోదాన్ని నడిపితే కోణం అవసరానికి మించి మూసుకుపోయి, ఓవర్‌ల్యాప్ సరిగ్గా కూర్చోదు.

అపోహ: వేగం పెరిగితే షీటు మీద అలలు వస్తాయి.

వాస్తవం: ఆయిల్ క్యానింగ్ అని మేము పిలిచే ఈ అలలకు సాధారణంగా కారణాలు కాయిల్‌లోనే దాగిన ఒత్తిడులు, అంచు వంపు, రేకును చదును చేసే లెవెలర్ లోపం, స్టాండుల అలైన్‌మెంట్, చాలినన్ని పాస్‌లు (వంచే దశలు) లేకపోవడం. తక్కువ స్టాండులతో త్వరగా వంచేస్తే రేకు అంచులు మధ్య భాగం కంటే ఎక్కువ సాగుతాయి, ఆ సాగుదల తిరిగి సర్దుకోదు. ఆ యంత్రాన్ని ఎంత నెమ్మదిగా నడిపినా ప్రయోజనం ఉండదు. ధర తగ్గించడానికి రెండు స్టాండులు తీసేయమన్న కొనుగోలుదారు మాటకు నేను ఒకసారి తలూపాను. ఆ షెడ్డులో షీటు చదునుగా రాకపోతే చివరికి ఆ రెండు స్టాండులనూ చేర్చవలసి వచ్చింది. ఇప్పుడు ఆ విషయంలో బేరానికి ఒప్పుకోను.

వేగం నిజంగా పరీక్షించేది పొడవు కొలతను. రేకు మీద తిరుగుతూ పొడవు కొలిచే ఎన్‌కోడర్ చక్రం 0.1 శాతం అరిగితే 12 మీటర్ల షీటులో 12 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఎక్కువ వేగంలో చక్రం జారే ప్రమాదం కూడా పెరుగుతుంది.

అపోహ: పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక) లైన్‌కు అన్నిటికంటే వేగమైన రోల్ ఫార్మర్ కావాలి.

వాస్తవం: నిరంతరాయంగా నడిచే ప్యానెల్ లైన్‌లో వేగాన్ని నిర్ణయించేది నురుగు గట్టిపడే సమయం, దాన్ని పట్టి ఉంచే డబుల్ బెల్ట్ పొడవు. ప్యానెల్ మందం పెరిగేకొద్దీ లైన్ నెమ్మదించవలసిందే. కోల్డ్ స్టోరేజీలకు మందమైన ప్యానెళ్లు చేయబోయేవారు రోల్ ఫార్మర్ వేగం మీద పెట్టే అదనపు డబ్బును ఫోమింగ్ యంత్రానికి, బెల్టుకు మళ్లించడం మంచిది.

అపోహ: తయారీదారు షెడ్డులో ట్రయల్ చూస్తే సరిపోతుంది.

వాస్తవం: అక్కడ నడిచే కాయిల్ వారు ఎంచుకున్నది. మీరు రోజూ వాడే రేకునే, అత్యంత పలుచనిది ఒకటి, అత్యంత మందమైనది ఒకటి, తీసుకెళ్లి నడిపించండి. ప్రొఫైల్ మార్పును మీ కళ్లెదుట, మీ ఆపరేటర్ చేతులతో చేయించి, చివరి మంచి షీటు నుంచి తర్వాతి ప్రొఫైల్‌లో మొదటి మంచి షీటు దాకా గడియారం పెట్టి కొలవండి; ఆ మధ్యలో పాడైన మీటర్లు కూడా రాసుకోండి. పూర్తి వేగంలో వరుసగా కోసిన పది షీట్ల పొడవును కొలిచి, ఒకదాని అంచు మీద మరొకదాని అంచు పెట్టి చూడండి. ఈ కొలతలు, వాటిలో అనుమతించే తేడా ఒప్పందంలో రాసి ఉంటే, మిగిలిన చెల్లింపు ఎప్పుడు చేయాలనే దాని మీద ఇరుపక్షాలకూ వాదన ఉండదు.