మచ్చలున్నాయి, మార్కులు తగ్గాయి

చిన్నీ, బుజ్జీ,

మొన్న వీడియో ఫోన్లో నేను "నా సోరియాసిస్ డెబ్బై ఐదు శాతం తగ్గిందని డాక్టరమ్మ అంది" అంటే, చిన్ని నా కాళ్లు చూసి "ఎక్కడ తాతయ్యా, మచ్చలన్నీ అలాగే ఉన్నాయిగా!" అంది. నిజమే, ఉన్నాయి.

సోరియాసిస్ అంటే చర్మం మీద ఎర్రగా, మందంగా, పొలుసులతో మచ్చలు లేచే జబ్బు. దాన్ని కొలిచే లెక్క పేరు పాసీ. ఒక కొత్త మందు పనిచేస్తోందో లేదో చూడటానికి 1978లో స్వీడన్ డాక్టర్లు కట్టింది. ముందు జాగా కొలుస్తారు. వేళ్లతో సహా మన అరచెయ్యి ఒంటిమీది చర్మంలో దాదాపు నూటికి ఒక వంతు. బుజ్జిగాడు తన చెయ్యి పెట్టి కొలుస్తానంటాడేమో, కుదరదు. ఎవరి ఒంటికి వాళ్ల చెయ్యే కొలబద్ద. రెండు కాళ్లూ కలిపి నలభై అరచేతులనుకుంటే నాకు పదమూడు పట్టాయి. అంటే దాదాపు మూడో వంతు, దానికి 3 మార్కులు.

తర్వాత ఎరుపు, మందం, పొలుసు. ఒక్కోదానికి 0 నుంచి 4. నాకు మొదట 3, 3, 2 పడ్డాయి, కలిపితే 8. దాన్ని జాగా 3తోనూ, కాళ్ల వాటా 0.4తోనూ హెచ్చవేస్తే 9.6. మిగతా ఒళ్లు శుభ్రమే కనుక అంతటితో సరి. ఒళ్లంతా ముదిరిపోతే 72.

నాలుగు నెలలు వారానికోసారి మాత్ర వేసుకున్నాక ఎరుపు 1, మందం 1, పొలుసు 0. జాగా మాత్రం అదే 3. హెచ్చవేసి చూడండి, 2.4 వస్తుంది. 9.6లో నాలుగో వంతు, అంటే డెబ్బై ఐదు శాతం తగ్గినట్టే. చిన్నికి కనిపించింది జాగా. తగ్గింది ఎరుపూ, మందమూ, పొలుసూ. మందం తగ్గిందని వేలితో తడిమితే తెలుస్తుంది, ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదులే.

ఈ లెక్కలో తిరకాసులున్నాయి. మన చామనఛాయ మీద ఎరుపు ఎర్రగా ఉండదు, నేరేడుపండు రంగులో ఉంటుంది. అలవాటు లేని కన్ను తక్కువ వేసేస్తుంది. ఒకసారి నేను శుభ్రంగా కొబ్బరినూనె పట్టించుకుని వెళ్లాను. పొలుసంతా అణిగిపోయింది. "ఈసారి నూనె లేకుండా రండి" అని డాక్టరమ్మ చివాట్లు.

దురదకైతే పాసీలో మార్కే లేదు. అందుకని ఇంకో కాగితం ఇస్తారు, పది ప్రశ్నలు, 30 మార్కులు, అన్నీ గడిచిన వారం గురించే. దురద ఎంత, సిగ్గుపడ్డారా, బట్టలు ఎంచుకోవడంలో చర్మం అడ్డొచ్చిందా అని. బట్టల దగ్గర మునుపు "చాలా ఎక్కువ" అని టిక్కు పెట్టేవాణ్ణి. మొన్న "కొంచెం" అని పెట్టాను. పెళ్లికి పంచె కట్టుకెళ్లాను మరి, కాకపోతే కాస్త కిందికి దించి.

మీ తాతయ్య