యుద్ధ పైలట్ల మాత్రలు: వద్దనే వీలుందా?

అమెరికా బీ-2 బాంబర్లు 2025 జూన్‌లో మిస్సోరీ నుంచి ఇరాన్ వెళ్లి బాంబులు వేసి తిరిగి రావడానికి దాదాపు 37 గంటలు పట్టింది. ఒక్కో విమానంలో ఇద్దరే పైలట్లు. అంతసేపు మెలకువగా ఎలా ఉన్నారంటూ విలేఖరులు వెతుక్కుంటూ వెళ్లింది మెల్ డెయిల్ దగ్గరికి. 2001 అక్టోబరులో ఆఫ్ఘనిస్థాన్‌పై దాడికి బీ-2లో 44 గంటలకు పైగా గాలిలో గడిపిన మాజీ పైలట్ ఆయన. సీట్ల వెనుక పరుచుకునే చిన్న పడక, వంతులవారీగా కునుకు. అదీ చాలకపోతే సైనిక వైద్యులు ఇచ్చే ‘గో పిల్’, అంటే నిద్రను ఆపే మాత్ర.

ఈ మాత్రలు రెండో ప్రపంచ యుద్ధం నుంచీ ఉన్నవే. వాటిని పైలట్లు వద్దనగలరా అన్న వివాదానికి మూలం మాత్రం 2002 ఏప్రిల్‌లో కాందహార్ దగ్గరి తర్నాక్ ఫార్మ్స్‌లో ఉంది. గస్తీ ముగించుకున్న రెండు ఎఫ్-16 విమానాల పైలట్లకు అర్ధరాత్రి దాటాక కింద మెరుపులు కనిపించాయి. కాల్పులు ఆపమని ఆదేశం వచ్చినా, ఆత్మరక్షణ అంటూ మేజర్ హ్యారీ ష్మిట్ బాంబు వదిలారు. కింద ఉన్నది కాల్పుల అభ్యాసంలో ఉన్న కెనడా సైనికులు. నలుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు.

2003 జనవరిలో లూసియానాలోని బార్క్స్‌డేల్ స్థావరంలో ప్రాథమిక విచారణ మొదలైనప్పుడు పైలట్ల న్యాయవాదులు డెక్సెడ్రిన్ మాత్రను ముందుకు తెచ్చారు. అది యాంఫెటమైన్ జాతి మందు. దాని వల్ల తమ కక్షిదారుల విచక్షణ దెబ్బతిని ఉండవచ్చన్నారు. కింద స్వపక్షం సైనికులున్నారని ఎవరూ చెప్పలేదన్నారు. అంతకంటే గట్టిది, పైలట్లు అప్పట్లో సంతకం చేసిన అంగీకార పత్రం. మాత్ర వేసుకోవడం స్వచ్ఛందమే అంటుంది అది. అవసరమనిపించిన వేళ వద్దంటే మాత్రం, ఆ పని మీద ఎగరడానికి తగడని కమాండర్ తేల్చవచ్చు అని కూడా అంటుంది. ఎగరడమే జీవితంగా పెట్టుకున్నవాడికి ఇందులో మిగిలిన స్వేచ్ఛ ఎంత? రెండో నిందితుడు మేజర్ విలియం అంబాక్ అప్పట్లో స్వదేశంలో ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్. ఇదే మాత్ర వేసుకుని అక్కడ కాక్‌పిట్ ఎక్కితే నిబంధనలు ఒప్పుకోవు.

మాత్రల వల్ల ప్రమాదం జరిగిన దాఖలాలు లేవని, అలసటే అసలు ముప్పని వైమానిక దళం బదులిచ్చింది.

అయితే ఆ దళమే ఒకప్పుడు వాటిని పక్కన పెట్టింది. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత జరిగిన సర్వేలో సగానికి పైగా ఫైటర్ పైలట్లు కనీసం ఒకసారి వేసుకున్నామన్నారు. నాటి అధిపతి జనరల్ మెరిల్ మెక్‌పీక్ 1992లో వాడకాన్ని ఆపించారు. 1996లో పెద్దగా చప్పుడు లేకుండా అవి మళ్లీ వచ్చాయి. ఎందుకు ఆపారో, ఎందుకు తెచ్చారో బహిరంగ చర్చ జరిగి ఉంటే తర్నాక్ విచారణలో ఆ పత్రం అంత కొత్తగా అనిపించేది కాదు.

ఇద్దరిపై పెట్టిన నరహత్య అభియోగాలు 2003లోనే వీగిపోయాయి. అంబాక్ మందలింపుతో పదవీ విరమణ చేశారు. కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానంలో పూర్తి విచారణ) కావాలని మొదట పట్టుబట్టిన ష్మిట్ చివరికి శాఖాపరమైన శిక్షకు ఒప్పుకున్నారు. 2004లో విధి నిర్లక్ష్యం కింద మందలింపు, 5,672 డాలర్ల జరిమానా పడ్డాయి. దాంతో ఆ అంగీకార పత్రం కోర్టు మార్షల్ ముందు పరీక్షకు నిలవనే లేదు.