వీల్ స్పేసర్లు: వేయించే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు, వాస్తవాలు

వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ నా పని. హైదరాబాద్‌లో కొత్త అలాయ్ వీల్స్ కొన్నవాళ్లలో చాలామంది ఆ వెంటనే అడిగేది స్పేసర్ల గురించే. హబ్‌కీ (చక్రాన్ని బిగించే, దాంతో పాటు తిరిగే భాగం) చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్లే స్పేసర్. అది ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి జరుగుతుంది. కొందరు కారు వెడల్పుగా కనిపించాలని వేయిస్తారు. ఇంకొందరికి వెడల్పు టైరు లోపలి వైపు షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటుంటే అవసరం పడుతుంది. దీని గురించి వినిపించే మాటల్లో సగం అనవసరమైన భయం, సగం అనవసరమైన ధీమా. నాకు ఆందోళన కలిగించేది ఆ ధీమానే.

అపోహ: స్పేసర్ వేస్తే ఎప్పటికైనా చక్రం ఊడిపోతుంది.

సరైనది, సరిగ్గా బిగిస్తే ఊడదు. పోర్షే తన 911లో కొన్ని మోడళ్లకు 5 మి.మీ. స్పేసర్లను కంపెనీ ఆప్షన్‌గానే ఇచ్చింది. జర్మనీలో టీయూవీ (వాహనాల భద్రతను పరీక్షించే సంస్థ) పరీక్ష నెగ్గిన స్పేసర్లు చట్టబద్ధంగా అమ్ముతారు. ఆస్ట్రేలియా నిబంధనలు మాత్రం కారు తయారీదారే అమర్చి ఇస్తే తప్ప స్పేసర్లకు ఒప్పుకోవు. అక్కడివాళ్ల జాగ్రత్తా అర్థం లేనిది కాదు. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

అపోహ: నట్టు గట్టిగా బిగిసింది కదా, ఇక టెన్షన్ ఎందుకు?

నేను చూసే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. కారు బరువును స్టడ్లే (హబ్ నుంచి బయటికి వచ్చే, నట్టు ఎక్కే మర కడ్డీలు) మోస్తాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. ఆ సాగిన బలమే చక్రాన్ని హబ్‌కు అదిమిపెడుతుంది. అలా అదిమిన రెండు ముఖాల మధ్య రాపిడే బరువునూ బ్రేకు దెబ్బనూ తట్టుకుంటుంది. ఆ పట్టు సడలితే చక్రం ప్రతి గుంతకూ కాస్త కదులుతుంది, స్టడ్ కొద్దికొద్దిగా వంగుతుంది. అలా వంగి వంగి చివరికి విరుగుతుంది. అందుకే స్టడ్ విరిగిందంటే చాలాసార్లు అంతకు ముందే నట్టు వదులైందని అర్థం.

మామూలు పలక స్పేసర్ పెడితే దాని మందం మేరకు స్టడ్ మీద మరలు తగ్గిపోతాయి. నట్టు ఎన్ని మరలు పట్టుకోవాలన్నదానికి సులువైన లెక్క ఉంది. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడవున మరలు పట్టాలి. మారుతి కార్లలో సాధారణంగా ఉండేది 12 మి.మీ. స్టడ్, మరల మధ్య దూరం 1.25 మి.మీ. అంటే నట్టు దాదాపు పది చుట్లు తిరగాలి. హ్యుందాయ్, టొయోటాల్లో చాలావరకు ఆ దూరం 1.5 కాబట్టి ఎనిమిది చుట్లు చాలు. ఇప్పుడు 5 మి.మీ. స్పేసర్ పెట్టారనుకోండి, మారుతిలో నాలుగు చుట్లు పోయినట్టే. 10 మి.మీ. అయితే ఎనిమిది పోతాయి. మిగిలిన రెండు మూడు మరల మీద కూడా నట్టు గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది. అదే ప్రమాదం.

ఇది మీరే చూసుకోవచ్చు. కారు జాకీ మీద ఉండగా నట్టును చేత్తో తిప్పండి. మర అందుకున్నప్పటి నుంచి చక్రానికి ఆనేదాకా చుట్లు లెక్కపెట్టండి. తక్కువొస్తే పొడుగు స్టడ్లు వేయించాలి, లేదా ఆ స్పేసర్ మానుకోవాలి. పొడుగు స్టడ్లు వేసినప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. మూతి మూసి ఉన్న నట్టయితే స్టడ్ కొస లోపల తగిలి నట్టు అక్కడే ఆగిపోతుంది. రెంచ్‌కు బిగువు తెలుస్తుంది గానీ చక్రం మాత్రం హబ్‌కు అదుముకోదు.

అపోహ: లేత్‌లో తీయించినా ఒకటే, కొన్నా ఒకటే.

బాలానగర్ లేత్ పనివాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ వాళ్లకు మనం ఇచ్చే కొలత, లోహం సరిగ్గా ఉండాలి కదా! చక్రం హబ్ మధ్యలో ఉన్న గట్టు మీద కూర్చుంటుంది. ఆ గట్టు వ్యాసం స్విఫ్ట్‌లో 54.1 మి.మీ., పోలోలో 57.1, క్రెటాలో 67.1. స్పేసర్ లోపలి రంధ్రం ఆ కొలతకే ఉండాలి, బయటి వైపు మళ్లీ అలాంటి గట్టు ఉండాలి. అన్ని కార్లకూ పడుతుందని అమ్మే కోలరంధ్రాల బిళ్లలకు ఈ రెండూ ఉండవు. ముఖ్యంగా 8, 10 మి.మీ. మందంలో కొనేటప్పుడు జాగ్రత్త. అవి హబ్ గట్టును దాదాపు మింగేస్తాయి, తమ సొంత గట్టుకు మాత్రం చోటు మిగలదు. చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా ఊళ్లో తెలియదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

పోత పోసిన అల్యూమినియం వద్దు. 6061-టీ6 అనే గట్టి అల్యూమినియం రకం దిమ్మెలోంచి తీసినది తీసుకోండి. రెండు స్పేసర్లు ఒకదాని మీద ఒకటి పెట్టడం మాత్రం నేను ఎవరికీ చేయను.

అపోహ: బోల్ట్-ఆన్ రకం వేస్తే మర్చిపోవచ్చు.

ఇందులో స్పేసర్‌ను ముందు హబ్‌కు బిగిస్తారు, చక్రాన్ని స్పేసర్‌కున్న స్టడ్లకు బిగిస్తారు. మరల సమస్య తీరుతుంది, నిజమే. కానీ లోపలి వరస నట్లు చక్రం వెనక దాక్కుంటాయి, వదులైనా కనపడవు. కాబట్టి 50 నుంచి 100 కి.మీ. తిరిగాక చక్రం విప్పి లోపలివీ, బయటివీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) మళ్లీ చూడాలి. ఎంత బిగువో కారు మాన్యువల్లో ఉంటుంది. గాలి గన్‌తో గర్రున బిగించి వదిలేయడం కుదరదు. కారు అసలు స్టడ్ స్పేసర్ మందం దాటి బయటికి పొడుచుకొస్తే చక్రం సమంగా ఆనదు. అలాయ్ వెనక గుంటలుంటే సరిపోవచ్చు, ఇనుప రిమ్ముకు సరిపోదు. బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకాలి.

అపోహ: వెడల్పు పెరిగితే కారు రోడ్డును బాగా పట్టుకుంటుంది.

వెడల్పు వల్ల మలుపుల్లో కాస్త లాభం ఉంటుంది. దానికి బదులుగా బేరింగ్ మీద భారం పెరుగుతుంది. గుంతల్లో, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ లాగుతుంది. నిండా మనుషులెక్కితే టైరు ఫెండర్‌కు రాసుకోవచ్చు. చక్రం హబ్‌కు ఆనే ముఖం, చక్రం వెడల్పు మధ్య గీత నుంచి ఎన్ని మి.మీ. బయటి వైపు ఉందో చెప్పే అంకె ఈటీ. ఈటీ 45 చక్రానికి 20 మి.మీ. స్పేసర్ వేసినా, ఈటీ 25 చక్రం కొన్నా బేరింగ్‌కు తేడా తెలియదు. అందుకే ఇంకా వీల్స్ కొనని వాళ్లకు నేను చెప్పేది, సరైన ఈటీ ఉన్న చక్రమే కొనుక్కోమని. అప్పుడు స్పేసర్ ప్రసక్తే రాదు.

అపోహ: చలాన్ పడలేదంటే చట్టంతో ఇబ్బంది లేనట్టే.

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆ సెక్షన్‌లో స్పేసర్ పేరు లేదు. అయినా మార్పుల సంగతి ముందే చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టే అవకాశం ఉంది.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లకు ఇంకో మాట. వాటికి స్టడ్లు ఉండవు, బోల్ట్‌లే. స్పేసర్ కోసం పొడుగు బోల్ట్‌లు వేసుకుంటారు. దారిలో పంక్చరై, స్పేసర్ తీసేసి స్టెప్నీని అవే పొడుగు బోల్ట్‌లతో బిగిస్తే కొసలు హబ్ వెనక బ్రేకు భాగాలకు తగలొచ్చు. పాత బోల్ట్‌లు పారేయకుండా డిక్కీలో పెట్టుకోండి, పంక్చర్ షాపతనికి కూడా ఆ మాట చెప్పండి.