ఆఫీసుకు తిరిగి రమ్మన్నాక: కొన్ని అపోహలు, అసలు సంగతులు

మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో పని చేస్తున్నాను. వర్క్ ఫ్రమ్ హోమ్‌కి అలవాటు పడినవాళ్లను మళ్లీ ఆఫీసులో కుదురుకునేలా చూడటం కొన్నేళ్లుగా నా పనిలో పెద్ద భాగం. మేనేజర్ల నోట పదే పదే వినే మాటలు కొన్నున్నాయి. వాటివల్ల మంచి ఉద్యోగులు నొచ్చుకోవడం చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఇంట్లో సుఖం మరిగారు, అందుకే రామంటున్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక చాలా ఇళ్లల్లో రోజువారీ ఏర్పాట్లే మారిపోయాయి. గచ్చిబౌలిలో అద్దె గది ఖాళీ చేసి హయత్‌నగర్‌లో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయినవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్లు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్నుంచి ఆటో పట్టుకోవాలి.

మా దగ్గర ఒకతను రోజూ పన్నెండు ముప్పావుకి మీటింగ్ మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు. ఫోన్‌లో అలారం మోగడం, అతను లేవడం. ఫిర్యాదు నా దాకా వచ్చింది. ఒకరోజు మెట్ల దగ్గర కనిపించాడు. వీడియో కాల్‌లో "నాన్నా, పెన్ను ఇంకొంచెం దగ్గరికి పెట్టు, అంకె కనపడట్లేదు" అంటున్నాడు. భోజనానికి ముందు వాళ్ల నాన్న ఇన్సులిన్ పెన్నుతో, దాని మీద డోసు అంకె చూసుకుని, ఇంజెక్షన్ తీసుకోవాలి. పెద్దాయనకు చూపు సరిగా ఆనదు. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇతనే ఇచ్చేవాడు. ముందే చెప్పొచ్చుగా అంటే, "సాకులు చెప్తున్నాననుకుంటారేమోనని, మేడమ్" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ టీమ్‌లో పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా మీటింగులు ఆపేశాం. పైసా ఖర్చు కాలేదు. అప్పటి నుంచి ఎవరినైనా ఆఫీసుకు పిలిచే ముందు "ఇంట్లో ఏ టైమ్‌కి మీరు ఏం చూసుకుంటున్నారు?" అని అడుగుతున్నాను. పిజ్జా పార్టీల కంటే ఈ ప్రశ్నే ఎక్కువ పని చేసింది.

అపోహ: అందరూ ఒకచోట ఉంటే కలిసి పని చేయడం దానంతటదే వస్తుంది.

రాదు. గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, హెడ్‌సెట్ పెట్టుకుని పుణె టీమ్‌తో కాల్స్ మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో! గోడలు తీసేసి ఓపెన్ ఆఫీసుకు మారిన రెండు కంపెనీల్లో ఉద్యోగులు ముఖాముఖి మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గిందని హార్వర్డ్ పరిశోధకులు 2018లో చూపించారు. టీమంతా ఒకే రోజున రావాలి, ఆ రోజుకి కలిసి కూర్చుని తేల్చాల్సిన పని ముందే అనుకుని ఉండాలి. లేకపోతే రమ్మనడం దండగ.

అపోహ: హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) ఇస్తే పనితీరు దెబ్బతింటుంది.

ట్రిప్ డాట్ కామ్ అనే చైనా కంపెనీలో 1,612 మందితో చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసినవాళ్ల పనితీరు, ప్రమోషన్లు తగ్గలేదు. రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి.

అపోహ: టైమ్ అందరికీ ఒకటే ఉంటేనే న్యాయం.

రాత్రి తొమ్మిదికి అమెరికా కాల్ ఉన్న మనిషిని పొద్దున తొమ్మిదిన్నరకే బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబెట్టడం న్యాయమెలా అవుతుంది? 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులే ఐటీ ఉద్యోగులను విడతలవారీగా ఇళ్లకు పంపమని కంపెనీలను కోరారు. వానకి సాధ్యమైనది మామూలు రోజుల్లోనూ సాధ్యమే.

అపోహ: క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాం కదా, తల్లులకు ఇక ఇబ్బంది లేదు.

50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ సదుపాయం ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు బిడ్డను చూసి రావచ్చని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పింది. కాగితం మీద హక్కు ఉన్నా, నాలుగోసారి సీట్లోంచి లేవడానికి జంకే తల్లులే ఎక్కువ. "వెళ్లి రామ్మా" అని మేనేజర్ పైకి అనాలి. బిడ్డ కొత్త చోట కుదురుకునేదాకా మొదటి రెండు వారాలు ఆ తల్లికి సాయంత్రం మీటింగులు పెట్టకండి.

అపోహ: కుర్రాళ్లకేం, వాళ్లు ఇట్టే కలిసిపోతారు.

లాక్‌డౌన్‌లో ఉద్యోగంలో చేరి, రెండేళ్లకు మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన అబ్బాయి ఒకడు వారమంతా తన డెస్క్ దగ్గరే టిఫిన్ బాక్స్ తిన్నాడు. పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాం. అడిగితే, "క్యాంటీన్‌లో ఎవరి దగ్గర కూర్చోవాలో తెలియలేదండీ" అన్నాడు. ఇప్పుడు కొత్తగా ఆఫీసుకు వచ్చే ప్రతి ఒక్కరినీ మొదటి రెండు వారాలు భోజనానికి వెంటబెట్టుకెళ్లే బాధ్యత టీమ్‌లో ఒకరికి అప్పగిస్తున్నాం, పేరు రాసి మరీ.